ఒకే ఏడుపులో రెండు బాధలు: జలుబు, పళ్లు ఒకేసారి వచ్చిన ఏడు నెలల పాప కేసు

పిల్లల డాక్టరుగా నేను రోజూ చూసే వాటిలో జలుబే ఎక్కువ. పళ్లొచ్చే పిల్లల చిరాకు కూడా అంతే మామూలు. అయినా ఈ పాప కేసు రాసి పెట్టాలనిపించింది. మొదటి రోజు నేను చెప్పిన సలహాల్లో తప్పేమీ లేదు. అయినా ఆ తర్వాత రెండు రాత్రులు ఆ ఇంట్లో ఎవరూ కన్ను మూయలేదు. ఏం చేయాలో చెప్పాను గానీ ఏది ముందు, ఏది తర్వాత అన్నది చెప్పలేదు. ఆ వరుస ఎంత ముఖ్యమో నాకు ఈ పాప దగ్గరే తెలిసింది. కుటుంబాన్ని గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను, కొన్ని వదిలేశాను.

నేపథ్యం

పాపకు ఏడు నెలలు, బరువు 7.2 కిలోలు. నెలలు నిండి పుట్టింది. టీకాలన్నీ వేళకు పడ్డాయి. గుండెకు, ఊపిరితిత్తులకు సంబంధించిన ఇబ్బందులేమీ లేవు. తల్లిపాలు తాగుతోంది. నెల రోజులుగా మెత్తటి ఆహారం కూడా కొద్దికొద్దిగా తింటోంది. తొలి సంతానం. ఇంట్లో తల్లి, తండ్రి, అమ్మమ్మ ఉన్నారు. నా దగ్గరికి తీసుకురావడానికి మూడు రోజుల ముందు తండ్రికి జలుబు చేసింది.

నా దగ్గరికి తీసుకొచ్చిన ముందు రోజే పాపకు ముక్కు కారడం మొదలైంది. చొంగ మాత్రం రెండు వారాల నుంచీ ధారగా కారుతోంది. చేతికి దొరికినదల్లా నోట్లో పెట్టుకుని నములుతోంది. గడ్డం కింద చర్మం చొంగకు నాని ఎర్రబడింది. కింది చిగురు ముందు భాగం ఉబ్బి ఉంది. వేలితో తడిమితే లోపల పన్ను గట్టిగా తగులుతోంది గానీ ఇంకా బయటికి రాలేదు.

"పళ్లొస్తున్నాయి కదా డాక్టర్ గారూ, అందుకే జలుబు, ఒళ్లు వెచ్చబడటం" అని అమ్మమ్మ అన్నారు. ఆమె కళ్లారా చూసిందే చెబుతున్నారు. ఈ వయసులో ఈ రెండూ చాలాసార్లు కలిసే వస్తాయి. కడుపులో ఉండగా తల్లి నుంచి అందిన యాంటీబాడీలు ఆరు నెలలకల్లా బాగా తగ్గిపోతాయి. చాలామంది పిల్లల్లో మొదటి పన్ను రావడం మొదలయ్యేది కూడా ఆ సమయానికే. చిగురు దురదకు చేతులు, బొమ్మలు అన్నీ నోట్లోకి వెళ్తాయి, వాటితో పాటు వైరస్‌లూ వెళ్తాయి. కలిసి రావడానికి కారణం ఇది. అంతేగానీ పన్ను జలుబును తీసుకురాదు. ఈ తేడా ఎందుకు పట్టించుకోవాలో ఈ కేసులోనే తర్వాత తెలిసింది.

మొదటి రోజు

ఒంటి వేడి 37.8 డిగ్రీల సెల్సియస్. పాప నిద్రపోతుండగా నిమిషం పాటు లెక్కపెడితే శ్వాస 42. రెండు నెలలు నిండి ఏడాది లోపు ఉన్న బిడ్డ నిమిషానికి 50 సార్లు, అంతకు మించి ఊపిరి తీస్తే దాన్ని వేగంగా ఊపిరి తీయడం కింద లెక్కించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. డొక్కలు ఎగరేయడం లేదు, ముక్కుపుటాలు అదరడం లేదు, మూలుగు లేదు. 24 గంటల్లో ఆరు డైపర్లు తడిశాయి. వీపు మీద చెయ్యి వేస్తే గరగరమని తెలుస్తోందని తల్లి భయపడింది. స్టెతస్కోపు పెట్టి విన్నాను. ఊపిరితిత్తుల్లో ఏమీ లేదు. ముక్కులో చీమిడి శబ్దమే కిందిదాకా వినబడుతోంది. చిన్నపిల్లల ఛాతీ గోడ పలచగా ఉంటుంది కాబట్టి ఇలా చాలామందిలో జరుగుతుంది.

ప్రమాదం లేదని తేలింది. ఇక మిగిలింది పాపకు ఉపశమనం. ముక్కులో సెలైన్ చుక్కలు వేయమన్నాను, చీమిడి బల్బ్ సిరంజితో లాగమన్నాను, చిగురు వేలితో రుద్దమన్నాను, చల్లబరిచిన టీతర్ (పిల్లలు కొరుక్కునే రబ్బరు బొమ్మ) ఇవ్వమన్నాను, బాగా బాధపడితే పారాసిటమాల్ వేయమన్నాను. మూడు నిమిషాల్లో అన్నీ చెప్పేశాను. ఆ ముగ్గురూ తలూపారు.

ఏం ప్రయత్నించారు, ఎందుకు కుదరలేదు

రెండు రాత్రులు గడిచాక మళ్లీ వచ్చారు. తల్లి కళ్లు ఉబ్బి ఉన్నాయి. పాప రాత్రి రెండు, మూడు గంటలు ఆపకుండా ఏడుస్తోంది. రొమ్ము అందిస్తే ఆత్రంగా పట్టుకుని, వెంటనే వదిలేసి గుక్కపట్టి ఏడుస్తోంది. టీతర్ ఇస్తే విసిరేస్తోంది. "నా పాలే పడటం లేదేమో" అని తల్లి కన్నీళ్లు పెట్టుకుంది. ఆ మాట విన్నాక నాకు చాలా బాధ కలిగింది. పాలలో ఏ లోపమూ లేదు.

ఇంట్లో వాడినవన్నీ టేబుల్ మీద పెట్టమన్నాను. జబ్బు తగ్గలేదని తిరిగి వచ్చిన ప్రతి కుటుంబాన్నీ ఈ మాట అడుగుతాను. ఏం వేశారని నోటితో అడిగితే సగమే చెబుతారు. దాచాలని ఎవరికీ ఉండదు, అలసటలో గుర్తుండదు.

సెలైన్ చుక్కలు వాడారు, కానీ పాలు తాగాక వేశారు. నిండు కడుపు మీద ముక్కులో నీళ్లు పడేసరికి పాప రెండుసార్లు కక్కేసింది. అంతటితో మానేశారు. నేను ఎప్పుడు వేయాలో చెప్పలేదు కాబట్టి అది నా లోపమే.

రెండోది తండ్రి వాడే ముక్కు చుక్కల మందు. తనకు రెండు నిమిషాల్లో ముక్కు తెరుచుకుంది కదా అని ముందు రాత్రి పాపకూ ఒక చుక్క వేశాడు. ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ లాంటి ఈ మందులు ముక్కులోని రక్తనాళాలను కుదించి దిబ్బడ తగ్గిస్తాయి. పసిపిల్లల్లో అవి రక్తంలోకి చేరి మగత తెప్పించవచ్చు, గుండె వేగాన్ని, శ్వాసను నెమ్మదింపజేయవచ్చు. పైగా పెద్దవాళ్లకైనా రోజుల తరబడి వాడితే దిబ్బడ తిరగబెడుతుంది. చూడటానికి సెలైన్ సీసా, ఈ సీసా ఒకేలా ఉంటాయి. సెలైన్ అంటే 0.9 శాతం ఉప్పునీరు, అందులో మందేమీ ఉండదు. పాప గుండె వేగం, చురుకుదనం చూశాను, బాగానే ఉన్నాయి. ఆ మందు పాప దరిదాపుల్లో ఉండకూడదని గట్టిగా చెప్పాను.

మూడోది చిగుళ్లకు రాసే తిమ్మిరి జెల్, ఇంకా మూత తీయలేదు. బెంజొకైన్ ఉన్న జెల్స్ రెండేళ్ల లోపు పిల్లలకు వాడకూడదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది. రక్తం ఆక్సిజన్‌ను మోసే శక్తిని అవి అరుదుగా, కానీ ప్రాణాంతకంగా తగ్గించగలవు. లిడోకైన్ ద్రవాన్ని పళ్లొచ్చే పిల్లలకు రాయొద్దని 2014లోనే చెప్పింది. ప్రమాదం సంగతి అలా ఉంచినా, చొంగ కారే నోట్లో జెల్ నిమిషాల్లో కొట్టుకుపోతుంది. దానితో పొందేదేమీ లేదు. కర్పూరం, మెంథాల్ కలిసిన ఛాతీ పూత కూడా రెండేళ్ల లోపు వద్దని చెప్పి పక్కన పెట్టించాను.

ఎక్కువసేపు మాట్లాడింది పారాసిటమాల్ గురించి. టేబుల్ మీద రెండు సీసాలున్నాయి. ఒకటి సిరప్, 5 మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములు. రెండోది డ్రాప్స్, ఒక్క మిల్లీలీటర్లో 100 మిల్లీగ్రాములు. తల్లి సిరప్‌ను 2.5 మిల్లీలీటర్లు వేస్తోంది. అంటే 60 మిల్లీగ్రాములు, కిలోకు 8 చిల్లర. కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు ఇవ్వాలి కాబట్టి ఆ మోతాదు చాలదు. "పని చేయడం లేదు, రెండో సీసాతో వేసి చూద్దాం" అని ఆ ఉదయమే ఇంట్లో అనుకున్నారట. అదే 2.5 మిల్లీలీటర్లు డ్రాప్స్ సీసాలోంచి తీసి ఉంటే 250 మిల్లీగ్రాములు పడేది, కిలోకు దాదాపు 35. చేతిలో కొలత మారదు, సీసా మాత్రమే మారుతుంది. అప్పటికప్పుడు డ్రాప్స్ సీసా పక్కన పెట్టించి, సిరప్ 4 మిల్లీలీటర్లు, అంటే 96 మిల్లీగ్రాములు, అని సీసా మీదే రాసి ఇచ్చాను. స్పూనుతో కాకుండా గీతలున్న సిరంజితో కొలవమన్నాను. అప్పటినుంచి నా చీటీ మీద మిల్లీలీటర్ల పక్కన మిల్లీగ్రాములు కూడా తప్పకుండా రాస్తున్నాను.

పాలు తాగుతుంటే చూడటం

ఇవన్నీ సర్దాక కూడా నా మనసులో ఒక ప్రశ్న మిగిలింది. రెండు బాధల్లో పాపను రాత్రి ఏడిపిస్తున్నది ఏది? అక్కడే పాలు పట్టమని తల్లిని అడిగాను. మొదటి రోజే చేయాల్సిన పని అది.

పాప ఆకలి మీద ఉంది. రొమ్ము పట్టుకుని నాలుగైదు సార్లు చప్పరించింది. ఆ తర్వాత ముఖం ఎర్రబడింది. నోరు వదిలేసి, ఊపిరి అందుకుని అప్పుడు ఏడ్చింది. మళ్లీ పట్టుకుంది, మళ్లీ అంతే. నొప్పి వల్ల వదిలితే మొదటి చప్పరింపుకే వదలాలి. ఈ పాప నాలుగోసారి దాకా ఆగి వదులుతోంది. ఊపిరి చాలక వదులుతోందన్నమాట. పసిపిల్లలు ప్రధానంగా ముక్కుతోనే ఊపిరి తీస్తారు, అందుకే పాలు తాగుతూనే గాలి పీల్చగలుగుతారు. ముక్కు మూసుకుపోతే గాలికి మిగిలే దారి నోరొక్కటే.

టీతర్ ఎందుకు విసిరేస్తోందో కూడా అప్పుడే తెలిసింది. ఏడుస్తున్న బిడ్డను ఊరడించడానికి మనం ఇచ్చేవన్నీ నోట్లోకే వెళ్తాయి. రొమ్ము, సీసా, టీతర్, వేలు, ఏదైనా సరే. ముక్కు దిబ్బడతో ఉన్న పాప నోట్లో వాటిని పెట్టడమంటే ఊపిరి దారికి అడ్డం పెట్టడమే. అందుకే ఓదార్చే కొద్దీ ఏడుపు పెరిగింది. చిగురు కోసం చేసిన ఏ పనీ ముక్కు తెరుచుకునే దాకా ఫలించే వీలు లేదు.

పాపను వెల్లకిలా పడుకోబెట్టి, ఒక్కో ముక్కు రంధ్రంలో రెండేసి చుక్కలు సెలైన్ వేయించాను, తల్లి చేతే. ఒక నిమిషం ఆగమన్నాను, చీమిడి మెత్తబడాలి కదా. బల్బును ముందు బయటే నొక్కి, గాలి పోయాక మొనను ముక్కు అంచుకు ఆనించి మెల్లగా వదలమన్నాను. తల్లి ఇంట్లో ముక్కు లోపలికి పెట్టి అక్కడ నొక్కుతోంది, దాంతో గాలి లోపలికి పోతోంది. సరిగా చేశాక వచ్చిన చీమిడి చూసి అమ్మమ్మ ఆశ్చర్యపోయారు. పది నిమిషాలు భుజాన వేసుకుని తిప్పి, మళ్లీ పాలకు పెట్టించాను.

ఈసారి ఏడుపు వేరేలా వచ్చింది. మొదటి చప్పరింపుకే కీచుమని అరిచి వెనక్కి లాక్కుని, తన పిడికిలి నోట్లో కుక్కుకుని గట్టిగా కొరుక్కుంది. ఇది చిగురు. చప్పరించేటప్పుడు ఉబ్బిన చిగురు మీద ఒత్తిడి పడి సలుపు పెరుగుతుంది. చెయ్యి కడుక్కుని, వేలితో కింది చిగురును కాస్త గట్టిగానే ఒకటి రెండు నిమిషాలు రుద్దమన్నాను. పాప ఆ వేలిని కొరుకుతూ నెమ్మదించింది. ఆ తర్వాత పట్టుకున్న రొమ్మును పన్నెండు నిమిషాలు వదల్లేదు. తల్లి నా వైపు చూసి ఏమీ అనలేదు, కళ్లు తుడుచుకుంది.

ముందు ముక్కు, తర్వాత చిగురు, ఆ తర్వాతే పాలు. చీటీ మీద రాసింది ఈ మూడు ముక్కలే. సెలైన్ పాలకు పది, పదిహేను నిమిషాల ముందు. చీమిడి లాగడం రోజుకు మూడు నాలుగుసార్లకు మించొద్దు, ఎక్కువైతే లోపలి పొర వాచి దిబ్బడ ఇంకా పెరుగుతుంది. పాలు కొద్దికొద్దిగా ఎక్కువసార్లు, తల ఎత్తుగా ఉండేలా పట్టుకుని. మెత్తటి ఆహారం వద్దంటే బలవంతం చేయొద్దన్నాను. ఆ వయసులో కొన్ని రోజులు పాలతోనే గడిచినా నష్టం లేదు. టీతర్ గట్టి రబ్బరుదై ఉండాలి, లోపల ద్రవం ఉన్నది వద్దు. ఫ్రిజ్‌లో చల్లబరిస్తే చాలు. ఫ్రీజర్‌లో గడ్డ కట్టించినది చిగురును గాయపరుస్తుంది. గడ్డం కింద రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్ది, పెట్రోలియం జెల్లీ పలచగా రాయమన్నాను.

రాత్రి

పారాసిటమాల్ రాత్రి పడుకోబెట్టడానికి అరగంట ముందు ఒక్కసారే వేయమన్నాను. మళ్లీ అవసరమైతే కనీసం ఆరు గంటల ఎడం ఉండాలి. గంటలు చూసుకుని రోజంతా ఎందుకు వేయకూడదని తండ్రి అడిగాడు. పగలు చేతుల్లో తిప్పుతూ, ఆడిస్తూ, చిగురు రుద్దుతూ నెట్టుకురావచ్చు. రాత్రి ఆ మళ్లింపులేవీ ఉండవు, నొప్పే మిగులుతుంది. పైగా రోజంతా మందు కింద ఉంటే కొత్తగా జ్వరం వచ్చినా మనకు తెలియదు. జలుబు నాలుగో రోజున అది తెలియడం ముఖ్యం.

పడుకోబెట్టే తీరు అడిగితే రెండు సంగతులు బయటపడ్డాయి. ముక్కు దిబ్బడ తగ్గుతుందని పరుపు తల వైపు కింద దిండు పెట్టారు. తెల్లవారుజామున తండ్రి సోఫాలో వెనక్కి వాలి పాపను గుండె మీద పడుకోబెట్టుకుని తనూ కునికాడు. రెండూ ప్రేమతో చేసినవే, రెండూ ప్రమాదకరమైనవే. వాలుగా పడుకున్న బిడ్డ కిందికి జారి, గడ్డం ఛాతీకి ఆనితే ఊపిరి దారి నొక్కుకుంటుంది. సోఫాలో పెద్దవాళ్లు నిద్రలోకి జారుకుంటే బిడ్డ ముఖం సందుల్లో ఇరుక్కోవచ్చు. మెలకువగా ఉన్నవాళ్లు ఇరవై నిమిషాలు నిటారుగా ఎత్తుకుని ఉండి, ఆ తర్వాత చదునైన గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టమన్నాను. మెలకువగా ఎవరుండాలన్నది ముగ్గురూ వంతులు వేసుకున్నారు. అర్ధరాత్రి దాకా అమ్మమ్మ, తర్వాత తండ్రి, తల్లి పాలకు మాత్రమే లేవాలి. ఆమెకు నిద్ర పట్టేలా చూడటం కూడా చికిత్సలో భాగమనే అనుకుంటాను.

ఆ రాత్రి పాప రెండుసార్లే లేచింది.

చెవి లాక్కున్న రోజు

ఆరో రోజు మళ్లీ వచ్చారు. రాత్రుళ్లు బాగున్నాయి గానీ ఆ మధ్యాహ్నం నుంచి 38.6 జ్వరం. కుడి చెవి పట్టుకుని లాక్కుంటోంది. "పన్ను బయటపడే ముందు జ్వరం వస్తుందంటారు కదా, ఆగుదామనుకున్నాం. కానీ మీరు కొత్త జ్వరమొస్తే రమ్మన్నారని తీసుకొచ్చాం" అంది తల్లి.

తీసుకొచ్చి మంచి పని చేశారు. 2000లో పీడియాట్రిక్స్ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో 125 మంది పిల్లలను నాలుగు నెలల వయసు నుంచి ఏడాది నిండేదాకా రోజూ గమనించారు. కొరకడం, చొంగ, చిరాకు, చెవి రుద్దుకోవడం, కొద్దిపాటి వెచ్చదనం పన్ను వచ్చే రోజుల్లో ఎక్కువగా కనిపించాయి. ఎక్కువ జ్వరం, దగ్గు, ముక్కు దిబ్బడ మాత్రం పన్నుకు ముడిపడలేదు. చెవి లాక్కోవడం పన్ను వల్లా కావచ్చు. 38.6 జ్వరాన్ని మాత్రం పన్ను మీదికి నెట్టలేం.

పసిపిల్లల్లో ముక్కు వెనక నుంచి మధ్య చెవికి వెళ్లే గొట్టం పొట్టిగా, అడ్డంగా ఉంటుంది. అందుకే జలుబు వెనకాలే చెవి ఇన్‌ఫెక్షన్ రావచ్చు. కుడి కర్ణభేరి కాస్త ఎర్రగా ఉంది. అయితే పాప అప్పటిదాకా గట్టిగా ఏడ్చింది, ఏడుపుకే అంత ఎరుపు వస్తుంది. నేను చూసింది ఉబ్బు కోసం. కర్ణభేరి ఉబ్బలేదు, వెనక చీము లేదు. శ్వాస 44, డొక్కలు ఎగరేయడం లేదు. ఏడాది లోపు ఆడపిల్లల్లో కొత్త జ్వరం మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వల్లా రావచ్చు కాబట్టి మూత్ర పరీక్ష కూడా చేయించాను. అందులో ఏమీ లేదు. చీమిడి ఆకుపచ్చగా మారిందని అమ్మమ్మ చూపించారు. మామూలు జలుబులోనూ రంగు అలా మారుతుంది. యాంటీబయాటిక్ రాయలేదు. అయితే రాయకపోవడమంటే వదిలేయడం కాదు కాబట్టి 48 గంటల్లో చెవి మళ్లీ చూస్తానని రోజు, వేళ రాసి ఇచ్చాను. ఊపిరి వేగం పెరిగినా, డొక్కలు ఎగరేసినా, మామూలుగా తాగేదానిలో సగం కూడా తాగకపోయినా, డైపర్లు సగానికి తగ్గినా, లేపితే సరిగ్గా లేవకపోయినా అప్పటిదాకా ఆగొద్దన్నాను.

జ్వరం మర్నాటికే తగ్గింది. ఎనిమిదో రోజు చెవి మామూలుగా ఉంది. తొమ్మిదో రోజు కింది చిగురు మీద తెల్లటి గీత కనిపించింది. పదకొండో రోజుకు ముక్కు తేటపడింది. దగ్గు మాత్రం ఇంకో మూడు నాలుగు రోజులు సాగింది.

ఈ కేసు తర్వాత నేను మార్చుకున్నవి

ముక్కు దిబ్బడతో వచ్చిన పసిబిడ్డ పాలు తాగడం లేదంటే, తాగుతుండగా ఒకసారి చూడకుండా ఇప్పుడు పంపడం లేదు. ఐదు నిమిషాలు పడుతుంది. ఎన్నో చప్పరింపుకు వదులుతోంది, వదిలాక ముందు ఊపిరి తీస్తోందా, ముందు అరుస్తోందా, పడుకోబెట్టగానే ఏడుపు పెరుగుతోందా, ఎత్తుకుంటే తగ్గుతోందా అని చూస్తాను. పడుకుంటే పెరిగేది ఎక్కువగా ముక్కు, కొన్నిసార్లు చెవి. ఎత్తుకున్నా, పాలు పట్టకపోయినా పిడికిలి కొరుక్కుంటూ ఏడిస్తే చిగురు. ప్రతిసారీ ఇంత స్పష్టంగా తేలదు. ఈ పాపలో రెండూ ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉన్నాయి. పైది తీశాకే కిందిది కనిపించింది.

సెలైన్, బల్బ్ వాడకం మాటలతో చెప్పడం మానేశాను. నా ఎదుట తల్లో తండ్రో ఒకసారి చేసి చూపిస్తేనే పంపిస్తాను. "పళ్లొస్తున్నాయి" అన్న మాట వినగానే దానికి ఎదురు చెప్పకుండా, పళ్లతో పాటు ఇంకేం వచ్చిందో చూద్దామని అంటున్నాను. అమ్మమ్మలు ఈ మాట హాయిగా ఒప్పుకుంటారు. వాళ్ల అనుభవాన్ని తీసిపారేసినట్టు ఉండదు.

రెండు నెలల తర్వాత పాప బరువు చూపించడానికి వచ్చారు. పై చిగురు ఉబ్బి ఉంది. ముందు రాత్రి మళ్లీ పాలు వదిలేసి ఏడ్చిందట. ఏం చేశారని అడిగాను.

"ముందు ముక్కు చూశాను డాక్టర్ గారూ, శుభ్రంగానే ఉంది. ఒళ్లు చల్లగానే ఉంది. సరే చిగురే అనుకుని కాసేపు రుద్దాను. తాగి పడుకుంది" అంది తల్లి.